ఆయిల్ తాగే పాత కారు: ఇంజిన్ దించమనే ముందు మీరు చేయాల్సిన పని

లక్షన్నర, రెండు లక్షల కిలోమీటర్లు దాటిన కార్లు తిరుపతిలో, చిత్తూరులో ఇంటికొకటి కాకపోయినా వీధికి రెండు మూడు కనిపిస్తాయి. వాటిలో చాలావాటికి ఉండే జబ్బు ఒకటే. సర్వీసుకీ సర్వీసుకీ మధ్య ఇంజిన్ ఆయిల్ తగ్గిపోతుంటుంది. ఆ మాట గ్యారేజీలో చెబితే ఎక్కువసార్లు వచ్చే జవాబు కూడా ఒకటే: "ఇంజిన్ బోరుకొచ్చింది సార్, దించాల్సిందే." అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ, అదే బోరు, అరిగిపోయిందని. అది నిజం కావచ్చు, కాకపోనూ వచ్చు. నాలుగైదు వందల రూపాయల వాల్వ్ మారిస్తే పోయే సమస్యకు ఇంజిన్ మొత్తం విప్పించుకున్నవాళ్లు ఉన్నారు. ఆయిల్ చూసుకోకుండా నడిపి, బేరింగులు పట్టేసి, బండిని తుక్కుకు అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు.

ఆయిల్ కాస్త కాలినంత మాత్రాన ఇంజిన్ చచ్చిపోదు. తగ్గిన సంగతి తెలియక నడిపితేనే చచ్చిపోతుంది. అందుకని ముందు కొలవండి, తర్వాత కారణం వెతకండి, ఆ తర్వాతే డబ్బు తీయండి. ఈ వరుస తప్పకండి.

కారుతోందా, కాలుతోందా?

రాత్రి బండి నిలిపే చోట ఇంజిన్ కింద పెద్ద అట్టముక్క పరచండి. తెల్లారి చూస్తే చుక్కలు ఎక్కడ పడ్డాయో తెలుస్తుంది. పైన టాపెట్ కవర్ ప్యాకింగ్, కింద ఆయిల్ ఛాంబర్ ప్యాకింగ్, డ్రెయిన్ బోల్టు వాషర్, ఆయిల్ ఫిల్టర్ అంచు, గేర్‌బాక్స్ వైపు క్రాంక్ ఆయిల్ సీల్: పాత బండిలో ఆయిల్ బయటికొచ్చే చోట్లు ఇవే. అట్ట శుభ్రంగా ఉన్నా తొందరపడి నమ్మకండి. టాపెట్ కవర్ నుంచి జారిన ఆయిల్ వేడి సైలెన్సర్ గొట్టం మీద పడి అక్కడే మాడిపోతుంది. కాసేపు తిప్పి వచ్చి బానెట్ ఎత్తితే మాడు వాసన వస్తుంది, అదే గుర్తు.

ఆయిల్ పోసే మూత లోపలి వైపు కూడా చూడండి. అక్కడ కాఫీ రంగు నురగ చిక్కగా పేరుకుని, రేడియేటర్‌లో కూలెంట్ కూడా తగ్గుతుంటే అది వేరే కథ. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగమైన హెడ్‌కూ కింది దిమ్మెకూ మధ్య ఉండే ప్యాకింగ్) దగ్గర కూలెంటూ ఆయిలూ కలుస్తున్నాయని అనుమానించాలి. ఆ బండిని నడపకుండా మెకానిక్‌కు చూపించండి. ఇక్కడ చెప్పేవేవీ దానికి పనికిరావు.

కొలత

"నెలకు కొంచెం పోయాల్సి వస్తోంది" అంటే ఏ మెకానిక్‌కూ ఏమీ చెప్పినట్టు కాదు. వెయ్యి కిలోమీటర్లకు ఎన్ని మిల్లీలీటర్లు అన్నదే లెక్క.

సమతలంగా ఉండే చోటు ఒకటి ఎంచుకోండి. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో నీళ్లు పోవడానికి వాలు పెడతారు. ఆ వాలు మీద ఒకరోజు ఇటు ముఖం, ఒకరోజు అటు ముఖం పెట్టి చూస్తే డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే గీతల కడ్డీ) రెండు రకాలుగా చెబుతుంది. ఎప్పుడూ అదే చోట, అదే ముఖంగా, పొద్దున ఇంజిన్ స్టార్ట్ చేయకముందే చూడండి. డిప్‌స్టిక్ తీసి, గుడ్డతో తుడిచి, పూర్తిగా దించి మళ్లీ తీసినప్పుడు కనిపించేదే అసలు మట్టం. పై గీత వరకు ఆయిల్ పోసి, మీటర్‌లో కిలోమీటర్లు రాసిపెట్టుకోండి. 500కు ఒకసారి చూడండి. 1000 అయ్యాక, పక్కన గీతలున్న డబ్బాతో మళ్లీ పై గీత వరకు పోస్తే ఎంత పట్టిందో అదే మీ బండి తాగిన ఆయిల్. చాలా కార్లలో కింది గీతకూ పై గీతకూ మధ్య తేడా ఇంచుమించు ఒక లీటరు. చిన్న ఇంజిన్లలో ఇంకాస్త తక్కువ.

వెయ్యి కిలోమీటర్లకు ఒక లీటరు వరకు తాగినా తమ పరిమితిలోనే ఉన్నట్టు అని మాన్యువల్‌లో రాసే కంపెనీలు ఉన్నాయి. నన్నడిగితే అది కంపెనీ తనను తాను కాపాడుకునే లెక్క. పాత బండికి 200, 300 మిల్లీలీటర్లయితే నిశ్చింతగా ఉండొచ్చు. అర లీటరు దాటితే కారణం వెతకాలి. లీటరు దాటితే ఆ వెతుకులాట ఈ వారమే మొదలుపెట్టాలి.

ఊళ్లో చిన్న చిన్న దూరాలే తిరిగేవాళ్లు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి. బజారుకు, బడికి, గుడికి రెండేసి కిలోమీటర్లు తిరిగే పెట్రోల్ బండిలో ఇంజిన్ సరిగా వేడెక్కదు. కాలని పెట్రోల్ కొంత ఆయిల్‌లో కలుస్తుంది. లోపల ఆయిల్ తగ్గుతున్నా మట్టం తగ్గినట్టు కనిపించదు. ఒకరోజు చెన్నై వెళ్లొస్తే ఆ పెట్రోల్ అంతా వేడికి ఆవిరై, మట్టం ఒక్కసారిగా పడిపోతుంది. "మొన్నటిదాకా బాగానే ఉంది, చెన్నై ట్రిప్పుతో పాడైంది" అనుకోవడం ఇలాగే మొదలవుతుంది. కాబట్టి పెద్ద ప్రయాణం చేసొచ్చిన మర్నాడు తప్పనిసరిగా చూడండి.

ఘాట్ రోడ్డు చెప్పే రోగం

ఈ విషయంలో తిరుపతివాళ్లకు ఒక సౌకర్యం ఉంది. తిరుమలకు ఎక్కేదొక దారి, దిగేదొక దారి. 1944లో వేసిన మొదటి ఘాట్ ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి. ఒక్కోటీ 18, 19 కిలోమీటర్లు. అలిపిరి నుంచి కొండ మీదికి దాదాపు 700 మీటర్ల ఎత్తు ఎక్కుతాం. ఇంజిన్‌కు ఒకే రోజులో నిండు బరువు పరీక్ష, బరువు లేని పరీక్ష రెండూ అయిపోతాయి. చిత్తూరువాళ్లకు పలమనేరు దారిలో మొగిలి ఘాట్ ఉంది. పీలేరు, మదనపల్లె వైపు వెళ్లేవాళ్లకు భాకరాపేట ఘాట్ ఉంది.

మీ బండి పొగ మీకు అద్దంలో సరిగా కనిపించదు. వెనక బండిలో వచ్చే మనవాళ్లనెవరినైనా చూడమనండి. రాత్రిపూటయితే వాళ్ల హెడ్‌లైట్ వెలుగులో ఇంకా బాగా తెలుస్తుంది.

ఎక్కేటప్పుడు, యాక్సిలరేటర్ మీద కాలు నొక్కి ఉన్నంతసేపూ నీలం కలిసిన బూడిద రంగు పొగ వస్తుంటే పిస్టన్ రింగుల్ని, బోరును అనుమానించాలి. బరువు మీద సిలిండర్‌లో మండే గ్యాసు రింగుల్ని దాటి కిందికి దిగుతుంది, కింద ఉన్న ఆయిల్ ఆవిరితో కలిసి, లోపలి గ్యాసు బయటికి పోయే బ్రీదర్ పైపు గుండా మళ్లీ ఇంజిన్‌లోకే వస్తుంది. గోడల మీద ఆయిల్‌ను గీకేయాల్సిన రింగు ఆ పని చేయక మిగిలింది అక్కడే కాలుతుంది.

దిగేటప్పుడు జరిగేది వేరు. సెకండ్ గేరులో, యాక్సిలరేటర్ వదిలేసి దిగుతుంటే పెట్రోల్ ఇంజిన్‌లో థ్రాటిల్ (గాలి లోపలికి పోయే దారిలోని రెక్క) మూసుకుని ఉంటుంది. పిస్టన్లు గాలి కోసం గుంజుతుంటాయి, గాలి దొరకదు. ఆ గుంజుడుకు, వాల్వ్ కాడల చుట్టూ ఉండి గట్టిపడిపోయిన రబ్బరు వాల్వ్ సీళ్ల సందుల్లోంచి హెడ్‌లోని ఆయిల్ సిలిండర్‌లోకి జారుతుంది. మెల్లగా పేరుకున్న ఆ ఆయిల్ కిందికొచ్చి కాలు నొక్కగానే ఒక్కసారిగా మండి, వెనక నీలం మేఘం లేస్తుంది. కాసేపటికి మాయమవుతుంది. రాత్రంతా నిలిచిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే పొగ వదిలి తగ్గిపోయేదీ, సిగ్నల్ దగ్గర చాలాసేపు ఆగి కదిలేటప్పుడు వదిలేదీ ఇదే రోగం. దిగుడులో పొగ, పొద్దున పొగ రెండూ ఉంటే వాల్వ్ సీళ్లని దాదాపు నిర్ధారించుకోవచ్చు. దిగుడు తర్వాత మాత్రమే పొగ వచ్చి పొద్దున శుభ్రంగా ఉంటే, మసి పట్టి ఇరుక్కుపోయిన ఆయిల్ రింగు కావడానికీ అవకాశం ఉంది.

రెండు జాగ్రత్తలు. సైలెన్సర్ గొట్టంలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్న బండిలో కొద్దిపాటి ఆయిల్ అక్కడే కాలిపోతుంది, పొగ కనిపించదు. కాబట్టి పొగ లేదంటే ఆయిల్ కాలడం లేదని అర్థం కాదు, కొలతనే నమ్మాలి. రెండోది, ఈ దిగుడు పరీక్ష పెట్రోల్ బండ్లకే. డీజిల్ ఇంజిన్ గాలిని ఆ తీరుగా గుంజదు.

నల్ల పొగ పెట్రోల్, డీజిల్ సరిగా కాలకపోవడం. ఎయిర్ ఫిల్టర్, ఇంజెక్టర్ల సంగతి చూడాలి. పొద్దున చలిలో కాసేపు తెల్లగా వచ్చి పోయేది నీటి ఆవిరి, దానికి కంగారు వద్దు.

ముందు చవక పనులు

టాపెట్ కవర్ నుంచి ఇన్‌టేక్‌కు (ఇంజిన్‌లోకి గాలి పోయే దారికి) వెళ్లే సన్నటి రబ్బరు పైపు మొదట్లో పీసీవీ వాల్వ్ అని ఒక చిన్న భాగం ఉంటుంది. ఇంజిన్ పొట్టలో పేరుకునే గ్యాసును బయటికి లాగేది అదే. మసి పట్టి మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, సీళ్ల సందుల్లోంచి, ప్యాకింగుల్లోంచి ఆయిల్‌ను తోసేస్తుంది. చాలా మోడళ్లలో దాన్ని పీకి చెవి దగ్గర ఊపితే లోపల టకటకమని చప్పుడు వస్తుంది. రాకపోతే మార్చేయండి. ఇంకో పరీక్ష: ఇంజిన్ నిదానంగా ఆడుతుండగా ఆయిల్ మూత తీసి, ఆ రంధ్రం మీద పలచటి కాగితం పెట్టండి. కాగితాన్ని లోపలికి లాగితే మంచిది. బుస్సుమని పైకి ఎగరేస్తే పీసీవీ అయినా మూసుకుని ఉండాలి, రింగులైనా పోయి ఉండాలి. వాల్వ్ కొత్తది వేశాక కూడా అలాగే ఎగరేస్తే రింగుల వైపు చూడండి. ఎవరైనా ఇంజిన్ పని గురించి మాట్లాడే ముందు ఈ వాల్వ్ చూశారా లేదా అడగండి. ఈ ఒక్క ప్రశ్న చాలామందికి వేల రూపాయలు మిగిల్చేది.

తర్వాత ఆయిల్ రకం. డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉండే పలచటి ఆయిల్ వేస్తున్న పాత పెట్రోల్ బండిలో, దానికంటే చిక్కటి 10డబ్ల్యూ-40కి మారితే కాలడం కొంత తగ్గవచ్చు. మే నెలలో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి వేడిలో కాస్త చిక్కగా నిలిచే ఆయిల్ వల్ల నష్టం లేదు. అయితే మీ మాన్యువల్‌లో ఇచ్చిన పట్టికలో ఆ రకం ఉందో లేదో చూసుకున్నాకే మారండి. వాల్వ్ టైమింగ్‌ను ఆయిల్ ఒత్తిడితో నడిపే ఇంజిన్లకు మరీ చిక్కటి ఆయిల్ పడదు. 20డబ్ల్యూ-50 లాంటివి పాతకాలపు ఇంజిన్లకే వదిలేయండి. పొగ వడపోసే డీపీఎఫ్ ఉన్న కొత్త తరం డీజిల్ బండికి దానికోసం చెప్పిన తక్కువ బూడిద ఆయిల్ తప్ప ఇంకోటి వేయకూడదు.

పై గీత దాటి పోయడం కూడా ఆయిల్ తాగడానికి ఒక కారణమే. మట్టం ఎక్కువైతే తిరిగే క్రాంక్ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, ఆ నురగ బ్రీదర్ గుండా పోయి కాలిపోతుంది. ఎలాగూ తగ్గుతుందిగా అని అర లీటరు అదనంగా పోసే అలవాటుంటే మానేయండి.

దుకాణాల్లో అమ్మే ఆయిల్ ట్రీట్‌మెంట్ సీసాల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. కొన్ని ఆయిల్‌ను చిక్కబరచి రోగాన్ని కప్పిపెడతాయి. గట్టిపడిన రబ్బరు సీళ్లను మెత్తబరిచేవి కొంత పనిచేయొచ్చు. అరిగిన రింగును ఏ సీసా కూడా తిరిగి తేలేదు.

కంప్రెషన్ చూపించడం

ఇక్కడి నుంచి మెకానిక్ కావాలి. అన్ని స్పార్క్ ప్లగ్గులు విప్పించి వరుసలో పెట్టి చూడండి. ఒక్క ప్లగ్ మాత్రమే జిడ్డుగా, నల్లగా ఉంటే ఆ సిలిండర్‌లోనే తేడా ఉంది. తర్వాత ఇంజిన్ వేడిగా ఉండగా, పెట్రోల్ సరఫరా, స్పార్కు ఆపి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజీ పెట్టించండి. పెట్రోల్ ఇంజిన్లలో మామూలుగా 150 నుంచి 200 పీఎస్ఐ మధ్య వస్తుంది. అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. ఒకటి మిగతావాటికంటే 15 శాతం పైగా తక్కువ ఉంటే ఆ సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోయించి మళ్లీ చూడమనండి. అంకె పెరిగితే రింగులు, బోరు అరిగాయి. పెరగకపోతే వాల్వులు సరిగా మూసుకోకపోవడమో, హెడ్ గ్యాస్కెట్ పోవడమో అయి ఉంటుంది.

ఈ పరీక్ష చేయకుండా "దించేద్దాం" అనేచోట బండి వదలకండి. గ్యారేజీలో ఇలా అడిగితే చాలు: "అన్నా, కంప్రెషన్ ఎంతెంత వచ్చిందో నాలుగు సిలిండర్లకూ కాగితం మీద రాసివ్వు." పని తెలిసినవాడు సంతోషంగా రాసిస్తాడు.

కంప్రెషన్ బాగుండి కూడా ఆయిల్ తాగే బండ్లు ఉంటాయి, ఇవే ఎక్కువ తికమక పెడతాయి. కంప్రెషన్‌ను ఆపేవి పైరెండు రింగులు. ఆయిల్‌ను గీకేది వాటి కింది మూడోది. ఆ మూడోదాని సన్న రంధ్రాలు మసితో పూడుకుపోయి ఉండొచ్చు, లేదా వాల్వ్ సీళ్లు పోయి ఉండొచ్చు. రెంటికీ బోరు కొట్టించాల్సిన పని లేదు.

వాల్వ్ సీళ్లయితే చాలా ఇంజిన్లలో హెడ్ దించకుండానే మార్చొచ్చు. ప్లగ్ రంధ్రం గుండా కంప్రెసర్ గాలి ఎక్కించి వాల్వ్ కింద పడకుండా నిలిపి, స్ప్రింగు విప్పి, సీల్ మారుస్తారు. ఓపిక కావాల్సిన పని. అలా చేయడం వచ్చా అని ముందే అడగండి.

మసి పట్టిన ఆయిల్ రింగుకు నానబెట్టే పద్ధతి ఉంది. పెట్రోల్ ఇంజిన్‌కే. ప్లగ్గులు విప్పి, పిస్టన్లు ఇంచుమించు సగం ఎత్తులో ఉండేట్టు తిప్పి, మసిని కరిగించే ద్రవాన్ని ఒక్కో సిలిండర్‌లో కొద్దికొద్దిగా పోసి రాత్రంతా వదిలేస్తారు. మర్నాడు ప్లగ్గులు బిగించకుండానే, రంధ్రాల మీద గుడ్డ కప్పి, స్పార్కు, పెట్రోల్ ఆపి ఇంజిన్‌ను తిప్పి మిగిలిన ద్రవాన్ని బయటికి చిమ్మించాలి. ఈ ఒక్క మెట్టు వదిలేసి ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేస్తే, ద్రవం గాలిలా నొక్కుకుపోదు కాబట్టి పిస్టన్ కింది కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. కిందికి కారిన ద్రవం ఆయిల్‌ను పలచబరుస్తుంది, వెంటనే ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. ఫలితం తెలియడానికి ఒకటి రెండు వేల కిలోమీటర్లు ఆగి మళ్లీ కొలవండి. ఆయిల్ మూత కింద నల్లటి గడ్డ పేరుకున్న ఇంజిన్‌లో మాత్రం గట్టి ఫ్లష్‌లు వేయకండి. ఊడిన మురికి ఛాంబర్‌లోని జల్లెడకు అడ్డం పడి ఆయిల్ పైకి రాకుండా ఆపేస్తుంది.

పోస్తూ నడపాలా, పని చేయించాలా?

మీ బండి వెయ్యికి అర లీటరు తాగుతోందనుకుందాం, నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరుగుతారనుకుందాం, ఆయిల్ లీటరు 400 అనుకుందాం. నెలకు 200, ఏడాదికి 2,400 రూపాయలు. ఇంజిన్ పనికి మీకు 50,000 చెప్పారనుకుంటే ఆ డబ్బుతో ఇరవై ఏళ్లు ఆయిల్ పోయొచ్చు. బండి అంతకాలం ఉండదు. ఇలాంటి బండికి నా సలహా, మట్టం చూసుకుంటూ, పోస్తూ నడపండి.

లెక్క మారే సందర్భాలు ఉన్నాయి. లీటరు దాటి తాగితే ప్లగ్గులు తరచూ మునిగి మిస్సింగ్ వస్తుంది, ఆయిల్ బూడిద క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది, పొల్యూషన్ పరీక్షలో నిలబడదు. సొంత కారు ఆర్‌సీ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేసి ఏళ్లకు పొడిగించుకోవాలి. ఆ గడువు దగ్గర పడుతుంటే బాడీ, చాసిస్ తుప్పు చూసుకున్నాకే ఇంజిన్ మీద డబ్బు పెట్టండి. వెనకాల పొగ పీల్చేది స్కూటర్ మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని వెళ్లేవాళ్లని కూడా లెక్కలో వేసుకోవాలి. కంటికి కనిపించేంత పొగ నిత్యం వచ్చే బండిని ఖర్చు లెక్కతో సమర్థించుకోవడం సరికాదు.

పని చేయించాల్సిందే అయితే లేత్ షాపులో బోర్ గేజీతో కొలిచి, ఎంత అరిగింది, ఎంత కోలగా మారింది అన్నది రాయించుకోండి. కంపెనీ ఇచ్చిన హద్దులో ఉంటే హోనింగ్ (బోరు గోడల మీద సన్నటి గీతలు పడేట్టు రుద్దడం) చేయించి స్టాండర్డ్ రింగులు వేస్తే సరిపోతుంది. దాటితే బోరు కొట్టించి ఒక సైజు పెద్ద పిస్టన్లు వేయాలి. నున్నగా మెరిసే పాత బోరులో హోనింగ్ లేకుండా కొత్త రింగులు వేస్తే అవి కుదురుకోవు, ఖర్చంతా వృథా. హెడ్ ఎలాగూ దిగుతుంది కాబట్టి వాల్వ్ సీళ్లు, గైడ్లు అప్పుడే చూపించండి. పని అయ్యాక మొదటి వెయ్యి కిలోమీటర్లు హైవే మీద ఒకే వేగంతో లాగించకుండా, నిండా మనుషుల్ని ఎక్కించకుండా నడపండి. ఆ తర్వాత ఆయిల్ మార్చండి.

టర్బో డీజిల్ ఉన్నవాళ్లకు

టర్బో షాఫ్టు సీల్ అరిగితే ఆయిల్ నేరుగా ఇన్‌టేక్‌లోకి పోతుంది. టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపు విప్పించి చూడండి. తడి మరక మామూలే, గుంటగా నిలిచి ఉంటే టర్బో చూపించాలి. దీన్ని వాయిదా వేయొద్దు. ఒక్కోసారి ఇంజిన్ ఆ ఆయిల్‌నే ఇంధనంగా తాగుతూ, తాళం తీసేసినా ఆగకుండా రొదపెడుతూ వేగం పెంచుకుంటుంది. మాన్యువల్ గేర్ల బండిలో అలా జరిగితే బ్రేకు గట్టిగా నొక్కి, పై గేరు వేసి, క్లచ్ వదిలి ఇంజిన్‌ను ఆపేయండి. ఆగకపోతే అందరూ దిగి దూరంగా జరగండి. ఇంజిన్ దగ్గరికి చేతులు పెట్టకండి.

నడిపేటప్పుడు

ఆయిల్ తాగే బండి డిక్కీలో అదే రకం ఆయిల్ లీటరు డబ్బా, చిన్న గరాటు, పాత గుడ్డ ఎప్పుడూ ఉండాలి. డ్యాష్‌బోర్డులో ఎర్ర ఆయిల్ లైటు మట్టాన్ని చూపించేది కాదు, ఒత్తిడి పడిపోయాక వెలిగేది. అది వెలిగేసరికి ఆలస్యమైపోయి ఉంటుంది. ఘాట్ మలుపుల్లో మాత్రం అది ముందే ఒక సూచన ఇస్తుంది. మట్టం తక్కువగా ఉన్నప్పుడు హెయిర్‌పిన్ మలుపు తిరిగితే ఛాంబర్‌లోని ఆయిల్ ఒక పక్కకు ఒరిగి, జల్లెడకు గాలి తగిలి లైటు మిణుకుమంటుంది. మలుపు దాటాక ఆరిపోయిందని ఊరుకోకండి. సురక్షితంగా నిలిపే చోటు దొరకగానే ఇంజిన్ ఆపి, పది నిమిషాలాగి, డిప్‌స్టిక్ చూసి, పోసి కదలండి. కొండకు బయల్దేరే రోజు పొద్దున మట్టం చూసుకుంటే ఆ అవసరమే రాదు.

ఇంట్లోనే ఆయిల్ మార్చుకునేవాళ్లు తీసిన నల్ల ఆయిల్‌ను మురుగు కాలువలోనో, ఖాళీ స్థలంలోనో పారబోయకండి. మన కాలువలు చివరికి చెరువుల్లోకో స్వర్ణముఖిలోకో చేరతాయి, ఆ నీళ్లే బోర్లలోకి దిగుతాయి. చట్టం కూడా దాన్ని ప్రమాదకర వ్యర్థంగానే చూస్తుంది. ఖాళీ డబ్బాలో పోసి, మూత బిగించి, వాడిన ఆయిల్ సేకరించే గ్యారేజీకి ఇవ్వండి. పాత ఫిల్టర్‌ను కూడా రాత్రంతా బోర్లించి కార్చాక దాంతోపాటే ఇచ్చేయండి.